ఎడమచేతి సలాం

చిట్యాలలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. ఒకప్పుడు ఇదే దారిలో డ్రైవర్ సాబ్ కింద క్లీనరుగా పనిచేసి, తర్వాత తానే స్టీరింగు పట్టిన మనిషి.

"డ్రైవర్ సాబ్ పోయిండన్నా," అన్నాడు. "పోయిన శుక్రవారం. మంచి మనిషి."

పోయినవాళ్లందరూ మంచి మనుషులే. నేను తల ఊపలేదు. అతను నా ముఖం చూసి, చాయ్ తాగడానికి పోయాడు. వాళ్లకేం, వాళ్లు మరిచిపోతారు. నాకు ఆ జబ్బు లేదు.

ఆయన పేరు నాకు తెలియక కాదు. పేరు పెట్టి తలుచుకునేంత దగ్గరితనం ఆయన నాకు ఎన్నడూ ఇవ్వలేదు. నా పేరు కూడా ఆయన నోట రాలేదు. నా జతగాడు ఎల్లయ్యను "పహిల్వాన్" అనేవాడు. నన్ను "బొగ్గోడా" అనేవాడు.

యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనకాల నిలువెత్తు ఇనుప డ్రమ్ము ఉండేది. అందులో బొగ్గు పోసి, నిప్పు రాజేసి, చేతిపంకా తిప్పితే పుట్టే గ్యాసుతో ఇంజను నడిచేది. హైదరాబాదు నుంచి నల్గొండ పోయే బస్సు మా దగ్గర ఆగి, బూడిద గీకి పారబోసి, మళ్లీ బొగ్గు నింపుకునేది. ఆ బొగ్గు అమ్మేది మా బాపు. సంచులు మోసేది నేను. నిప్పు అందుకునేదాకా ప్రయాణికులు దిగి చింతచెట్టు నీడన కూర్చునేవారు. ఆ కాసేపూ డ్రైవర్ సాబ్ మాకు గురువు.

మనిషి పొడుగు, నిండైన ఒళ్లు. దిగగానే ఖాకీ కోటు విప్పి బస్సు అద్దానికి తగిలించేవాడు. ఆ విప్పడం చూడాలి. ముందు ఎడమ చెయ్యి బయటికి తీసేవాడు. తర్వాత ఆ చేత్తో కుడి భుజం మీది నుంచి కోటును మెల్లగా, పసిపిల్ల ఒంటి మీది గుడ్డ తీసినట్టు జారదీసేవాడు. ఎంత నవాబుతనమో అనుకునేవాణ్ణి. ఇంజను తిప్పి స్టార్టు చేసే హ్యాండిలు ఆయన ముట్టేవాడు కాదు, అది క్లీనరు పని. ఒకసారి నిండు సంచి భుజానికి ఎత్తుకోబోతూ "జర చెయ్యి ఎయ్యరాదు సాబ్" అన్నాను. విననట్టే అటు తిరిగి బీడీ ముట్టించాడు. పక్కనే నిలబడి చెయ్యి వెయ్యని మనిషిని నేను అంత సులభంగా వదలను. ఆ సంచి బరువు ఇప్పటికీ నా భుజానికి గుర్తే.

మా చదువు ఎట్లా మొదలైందంటే, ఎల్లయ్యా నేనూ బస్సు కోసం ఎదురుచూస్తూ బూడిద కుప్ప మీద కలబడేవాళ్లం. ఎల్లయ్య చాయ్ హోటలు వాళ్ల కొడుకు. పొట్టివాడు, గట్టివాడు. ఇద్దరికీ మీసాలు వచ్చిన వయసే. ఒకనాడు డ్రైవర్ సాబ్ అది చూసి, బీడీ నోట్లోంచి తీసి, "గిది కుస్తీనా, కోడిపుంజుల కొట్లాటనా?" అన్నాడు. చెట్టు కింది జనం నవ్వారు. మరునాడు బస్సు హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఆ మరునాడు తిరిగి వచ్చినప్పుడు ఆయన కోటు విప్పి మమ్మల్ని పిలిచాడు.

"మీ కొట్లాట మా ఉస్తాద్‌కు చేసి చూపెట్టిన. కండ్లల్ల నీళ్లు వచ్చేదాంక నవ్విండు. నవ్వినంక ఒక మాట చెప్పిండు. కాళ్లు దూరం పెట్టుమన్నడు."

హైదరాబాదులో బస్సులు నిలిపే చోటికి వెనకాల ఒక తాలీంఖానా ఉంది. కుస్తీ నేర్పే చోటు. రాత్రి అక్కడి అరుగు మీద ఆయన పడక. ఆ ఉస్తాద్ ముసలాయన, కీళ్లవాతంతో మంచం దిగలేనివాడు. మమ్మల్ని చూడలేదు, చూడబోడు. అయినా ఆ రోజు నుంచి ఆయన మాకు నేర్పడం మొదలుపెట్టాడు.

డ్రైవర్ సాబ్‌కు కుస్తీ రాదు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. "నేను టపా సంచిని. లోపల ఏమున్నదో సంచికి ఎర్కనా?" అనేవాడు. నిజానికి ఆయన ఏదీ నోటితో చెప్పేవాడు కాదు. ఉస్తాద్ చూపించిన పట్టు మా ముందు చేసి చూపించేవాడు. మేము చేసిన తీరు కళ్లు చికిలించి చూసుకుని, అక్కడికి పోయి మళ్లీ చేసి చూపించేవాడు. మా తప్పులన్నీ ఆయన ఒంటి మీద హైదరాబాదు చేరేవి. దిద్దుబాట్లు ఆ ఒంటి మీదే తిరిగి వచ్చేవి. ఎల్లయ్య ముక్కు ఎగబీల్చడం, నేను పట్టుకు ముందు పెదవి కొరకడం, అన్నీ అందులో ఉండేవి. ఒకసారి మా ముందే నన్ను చేసి చూపించాడు. మా బాపు త్రాసు దగ్గరి నుంచి చూసి, "అచ్చం వీడే, కోపంతోని సహా" అని నవ్వాడు. సొంత కొడుకును ఒకడు వెక్కిరిస్తుంటే నవ్విన తండ్రి సంగతి ఇంకోసారి చెబుతాను.

పట్టు చూపించాలంటే ఎదురుగా ఒక మనిషి కావాలి. ఆ మనిషిని ఎప్పుడూ నేనే.

"బొగ్గోడా, రా. నువ్వు పడు."

"మొన్న గూడ నేనే పడితిని."

"నీ అంగీ ఎట్లయినా నల్లదే. మట్టంటితే ఎవనికి కనవడది? పహిల్వాన్ పోయి చాయ్ అందియ్యాలె."

చెట్టు కింద కూర్చున్న ఒక అవ్వ ఒకనాడు లేచి నిలబడింది. "గా పిలగాన్ని ఏమిటికి కొడుతున్నరయ్యా?"

"కొడుతలేను అవ్వా, నేర్పుతున్న."

"నువ్వు నేర్పితే వాడెందుకు పడుతున్నడు?"

"నేర్చుకుంటుండు."

"మంచిగ నేర్చుకుంటుండు," అంది అవ్వ. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మధ్య లేచి, మోకాళ్లు దులుపుకుని, అదే మనుషులు ఎక్కే బస్సులో బొగ్గు పోసేవాణ్ణి. ఆ రోజుల్లో నాకు ఒకటే కోరిక ఉండేది. ఒక్కసారి, కుస్తీ గోదాలో, నలుగురు చూస్తుండగా, నేను నిలబడి ఉండాలి, ఇంకొకడు పడాలి. అంతకు మించి ఏదీ అడగలేదు.

గోదాలోకి దిగేటప్పుడు చేసే సలాం కూడా ఆయనే నేర్పాడు. వంగి మట్టి ముట్టుకుని, తొడ చరిచి, కుడి చెయ్యి ఎత్తి సభకు చూపించాలి. ఆయన చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగేది. ఎల్లయ్య దాన్ని అట్లాగే దించుకున్నాడు. నేను అడిగాను. "గింతేనా సాబ్? చెయ్యి పైకి లేపద్దా?"

"గింతే. ఎక్కువ లేపితే బలుపనుకుంటరు," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఎల్లయ్య పొట్టివాడు కాబట్టి వాడికి కాలు లాగే పట్టు పంపించాడు ఉస్తాద్. నేను పొడుగు. నాకు ధోబీపాట్ వచ్చింది. ఎదుటివాడి చెయ్యి మన భుజం మీదికి లాక్కుని, గిర్రున తిరిగి, చాకలి బండకేసి బట్ట కొట్టినట్టు వాణ్ణి ముందుకు విసరడం. డ్రైవర్ సాబ్ చూపించినప్పుడు నేను పక్కకు జారి తుంటి మీద పడ్డాను. నా వంతుకు నేను ఎల్లయ్యను ఎత్తి వేస్తే వాడు వెల్లకిలా పడి, ఊపిరి అందక, ఆకాశం చూస్తూ ఉండిపోయాడు. "ఊఁ. ఉస్తాద్‌కు చూపెడత," అన్నాడు డ్రైవర్ సాబ్.

తర్వాతి రాకకు జవాబు వచ్చింది. "చెయ్యి ఇంకా లేపాలన్నడు."

లేపాను. ఆయన చూశాడు, పోయాడు, వచ్చాడు. "ఇంకా లేపాలట."

నా చెయ్యి చెవికి తగులుతోంది. అంతకన్నా పైకి లేపాలంటే భుజం ఊడదీసి చేతికి ఇవ్వాలి. "ఇంకెక్కడికి లేపుదు సాబ్? ఉస్తాద్‌కు సరిగ్గ చూపెట్టినవా?"

"చూపెట్టిన."

"ఏదీ, ఎట్ల చూపెట్టినవో నాకు చూపెట్టు."

ఆయన వెళ్లి డ్రమ్ము మూత చూసుకున్నాడు. నిప్పు బాగానే ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఎండాకాలం ముందు ఉర్సు వచ్చింది. ఉర్సుకు నల్గొండలో దర్గా ఉన్న గుట్ట కింద కుస్తీలు పెట్టేవారు. ఎవరో ఒక ఉస్తాద్ పేరు మీదనే దిగాలి, ఒక్కో ఉస్తాద్ పేరు మీద ఒక్క కొత్తవాడే. మా ఇద్దరిలో ఎవరన్నది హైదరాబాదు నుంచి రావాలి. ఆ రోజు బస్సు పొగ కనిపించగానే నేను చేతులు కడుక్కున్నాను. బొగ్గు చేతులతో ఆ మాట వినాలనిపించలేదు.

ఆయన కోటు విప్పలేదు. మెట్టు మీద నిలబడే, "పహిల్వాన్, నువ్వు తయ్యారుండు," అన్నాడు.

"మరి నేను?" అన్నాను.

"నిన్ను వద్దన్నడు."

"ఎందుకు?"

"ఉస్తాద్ మాటకు ఎందుకు అనేది ఉండది."

"నేను ఎత్తేస్తే ఎల్లయ్య లేస్తలేడు సాబ్. నువ్వు చూసినవు గద. ఉస్తాద్‌కు చెప్పినవా?"

"టపా సంచినిరా నేను," అన్నాడు. ఆ మాట ఎప్పుడూ నవ్వుతూ అనేవాడు. ఆనాడు నవ్వలేదు. "నన్నడిగితే ఏమొస్తది?"

నల్గొండకు నేనూ పోయాను. పిలిస్తే పోలేదు, నా కాళ్ల మీద పోయాను. ఎల్లయ్య గోదాలోకి దిగి, మట్టి ముట్టుకుని, తొడ చరిచి, చెయ్యి రొమ్ము దాకా ఎత్తి ఆపాడు. జనంలోంచి ఎవడో "సంకల సెగ్గడ్డ లేచిందా పహిల్వాన్?" అని అరిచాడు. గుట్ట కింద ఉన్న మనుషులంతా నవ్వారు. ఎల్లయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఉక్రోషంతోనే కాబోలు, ఎదుటివాడి కాలు లాగి గెలిచాడు. ఎర్ర రుమాలు కట్టారు. ఆ రుమాలుతో వాడు ఊళ్లో చాలా రోజులు తిరిగాడు, చాయ్ పోసేటప్పుడు కూడా.

వానలు పడ్డాక బాపు కొత్త త్రాసు కొనుక్కురమ్మని నన్ను హైదరాబాదు పంపించాడు. త్రాసు కొనడం కన్నా ముందు తాలీంఖానా వెతుక్కుంటూ పోయాను. అడగాల్సింది ఉంది, అడిగేదాకా నాకు నిద్ర లేదు. ఉస్తాద్ మంచం మీద దిండుకు ఆనుకుని, పిల్లలు గోదా మట్టి తవ్వుతుంటే చూస్తున్నాడు. గుమ్మంలో నన్ను చూసి, నేను పేరు చెప్పకముందే, పెదవి మీద వేలు పెట్టుకుని నవ్వాడు.

"పెదవి కొరుకుతున్నవు. చిట్యాల బొగ్గు పిలగానివి గదా?"

చూడని మనిషి నన్ను గుర్తుపట్టాడు.

"ఇటు రా బేటా. చెయ్యి నయమైందా?"

"నా చేతికి ఏమైంది?"

ఆయన నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగా పైకి లేపాడు. రొమ్ము దాటింది, భుజం దాటింది, చెవికి తగిలింది. దించాడు. మళ్లీ లేపాడు. ముసలి వేళ్లతో నా భుజం కీలు నొక్కి చూశాడు. తర్వాత తన చెయ్యి ఎత్తి రొమ్ము దగ్గర ఆపాడు.

"నాకు చూపెట్టినప్పుడల్ల గీడిదాంకనే లేచేది. లేపుమని చెప్పి పంపిన, లేపుమని చెప్పి పంపిన. లేవకపాయె. గిసొంటి చేతితోని గోదాల దిగితే ఇరుగుతదని నేనే వద్దన్న."

డ్రైవర్ సాబ్ పడుకునే అరుగు గోడ మేకుకు ఒక ఖాకీ కోటు వేలాడుతోంది. ఆయన దాని వైపు చూశాడు. నేనూ చూశాను. ఎడమ చేత్తో మెల్లగా జారదీసే కోటు. భుజానికి ఎత్తని సంచి. రొమ్ము దగ్గర ఆగే సలాం.

"పోయినేడు ఇంజను హ్యాండిలు వాని చేతికి ఎదురు తన్నింది," అన్నాడు ఉస్తాద్, గొంతు తగ్గించి. "మానిందన్నడు. నేను నమ్మిన. ఇంత పెద్ద ఉస్తాద్‌ను, నా కండ్ల ముందటి చెయ్యిని చూడలేదు. ఎక్కడనో ఉన్న నీ చెయ్యిని చూసిన."

ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు.

"గీ ముచ్చట ఈడనే ఉండనీ బేటా. చెయ్యి లేస్తలేదంటే రేపటికి బండి గుంజుకుంటరు. ఐదుగురు పిల్లలు."

చూశారా, ఊరుకోమన్నది కూడా నన్నే. ఇద్దరు పెద్దమనుషులకు నష్టం రాకుండా నోరు మూసుకునే వంతు నాదే అయింది.

తర్వాత ఆయన తన శిష్యుల్లో బలమైనవాణ్ణి పిలిచి, నా ధోబీపాట్ చూపించమన్నాడు. చూపించాను. వాడు వెల్లకిలా పడ్డాడు. గోదా చుట్టూ పలుగులు ఆగిపోయాయి. ఉస్తాద్ మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగాడు.

"గీ పట్టు నాకెవ్వరు చూపెట్టలే," అన్నాడు.

వచ్చే ఉర్సుకు నిన్నే దింపుతానన్నాడు. వచ్చే ఉర్సుకు కుస్తీలు పెట్టలేదు. ఆ తర్వాత ఊళ్లలో అల్లకల్లోలం మొదలైంది. కర్రలు పట్టుకున్నవాళ్లు తిరిగే రోజుల్లో కుస్తీ ఎవరికి కావాలి? అది సద్దుమణిగేనాటికి నా నడుము సంచుల కిందే వంగిపోయింది. ఉర్సు గోదాలో నలుగురు చూస్తుండగా నేను ఎవణ్ణీ పడెయ్యలేదు. మంచం మీది ఒక ముసలాయనా, మట్టి తవ్వే పిల్లలూ చూశారు, అంతే.

ఆ త్రాసుతో హైదరాబాదు నుంచి వచ్చిన వారానికి నేను బస్సు దగ్గర నిలబడ్డాను. అడగాల్సిన మాటలు దారి పొడుగునా కూర్చుకున్నాను. ఎవరికీ చెప్పకు అంటే చెప్పేవాణ్ణి కాదు గదా. నా చెయ్యి బాగానే ఉందని ఒక్క మాట, నీ చెయ్యి సంగతి ఎత్తకుండానే, ఉస్తాద్‌కు ఎందుకు చెప్పలేకపోయావు? అది అడగాలి.

ఆ రోజు క్లీనరుకు జ్వరం, రాలేదు. బొగ్గు నింపడం అయింది, నిప్పు అందుకుంది, జనం ఎక్కి కూర్చున్నారు. లోపలి నుంచి ఎవరో "సాబ్, యాళ్లయితాంది" అన్నారు. డ్రైవర్ సాబ్ దిగి హ్యాండిలు తీసుకున్నాడు. ఎడమ చేత్తో. బస్సు ముందుకు వచ్చి దాన్ని బెజ్జంలో పెట్టి ఒక్క పెట్టున లాగాడు. తిరగలేదు. మళ్లీ లాగాడు. కుడి చెయ్యి సాయానికి వచ్చి, రొమ్ము దగ్గరే ఆగింది. చెమట కారి గడ్డం మీదికి దిగింది.

నేను పోయి హ్యాండిలు పట్టుకున్నాను. ఆయన వదల్లేదు.

"నీకు రాదు. ఎదురు తంతది," అన్నాడు.

"నీకు తన్నినట్టా?"

హ్యాండిలు మీద మా రెండు చేతులూ ఉన్నాయి. ఆయన నా ముఖంలోకి చూశాడు. అంతకు ముందు ఆయన నన్ను చూసిందంతా, వేరేచోట చేసి చూపించడానికే. ఈ చూపు అది కాదు. చెయ్యి తీసేశాడు.

"బొటనవేలు లోపలికి మడువకు," అన్నాడు. "కింది నుంచి పైకి గుంజు. పూర్తిగ లేపు."

పూర్తిగా లేపాను. ఇంజను అందుకుంది.

ఆయన క్షమించమని అడగలేదు. నేనూ ఆ నేర్పడాన్ని క్షమాపణ కింద జమ వేసుకోలేదు. ఆ మాట ఆయన బతికి ఉండగా చెప్పలేదు, ఇప్పుడు చెప్పలేడు, నేను మరిచిపోను. కూర్చుకున్న మాటలు మాత్రం ఆ ఇంజను చప్పుడులో అడగలేకపోయాను. కొన్నాళ్లకు ఆయన్ను మహబూబ్‌నగర్ దారికి మార్చారు.

ఆ రోజు ఇంజను అందుకోగానే ఆయన ఎక్కి కూర్చున్నాడు. నేను హ్యాండిలుతో బస్సు ముందే ఉన్నాను. అద్దం వెనకాల, స్టీరింగు మీది నుంచి ఎడమ చెయ్యి తీసి, నా వైపు చూస్తూ ఎత్తాడు. రొమ్ము దాటింది, చెవి దాటింది, వేళ్లు బస్సు పైకప్పుకు తగిలి ఆగాయి. కుడి చెయ్యి తొడ మీద ఎట్లా ఉందో అట్లాగే, దాచకుండా పెట్టుకున్నాడు. నేను పక్కకు జరిగాను. బస్సు పోయింది.

బాపు త్రాసు వదిలి ఉరికి వచ్చాడు. "చూసినవారా? ఎడమ చేత్తోని సలాం జేస్తుండు. పని చేయించుకున్నది గాక, నలుగురి ముందట గంత అవమానమా?"

నేను హ్యాండిలు చూసుకున్నాను. తొందరలో నా చేతిలోనే ఉండిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు ఇవ్వాలి.

"ఊకె అందరి మీద గయ్యిమంటవు గద," అన్నాడు బాపు. "గిప్పుడు నోరేమైందిరా?"

నాకు జరిగిన అవమానాలన్నీ నాకు గుర్తే. అందులో దీన్ని నేను కలుపుకోలేదు. బాపుకు ఆ సంగతి చెప్పలేదు.